మన పెనం మీదే క్రంపెట్: పాలు, వెన్న లేకుండా చేసుకుని తినే పద్ధతి

క్రంపెట్ ఇంగ్లండ్ వాళ్లు టీతో తినే రొట్టె. అరచేతిలో ఇమిడేంత గుండ్రంగా, బొటనవేలంత మందంగా ఉంటుంది. అడుగు నున్నగా ఎర్రగా కాలుతుంది, పైభాగం మాత్రం నిండా చిల్లులే. దాన్ని వేడిగా కాల్చి పైన వెన్న రాస్తే, అది కరిగి చిల్లుల్లోకి దిగుతుంది. వాళ్లకు ఇష్టమైన రుచి అదే.

మనం వెన్న లేకుండా, జంతువుల నుంచి వచ్చేవేవీ వాడని వీగన్ పద్ధతిలో చేసుకుందాం. దీనికి ఓవెన్ అక్కర్లేదు. దోసెలు పోసే మందపాటి పెనం ఉంటే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా, కనిగిరి పక్కన ఏ చిన్న పల్లెలోనైనా చేసుకోవచ్చు. మన బేకరీల్లో బన్నులు, పఫ్‌లు, దిల్‌పసంద్ దొరికినంత సులువుగా ఇది దొరకదు కాబట్టి ఇంట్లో చేసుకోవడమే దారి.

మొదటే ఒక మాట చెప్పాలి. ఈ రొట్టెకు సొంత రుచి తక్కువ. కాస్త ఉప్పన, కాస్త ఈస్ట్ వాసన, అంతే. చిల్లుల్లోకి దిగిందే దాని రుచి అవుతుంది. అందుకని పైన వేసేది జారుగా ఉండాలి, ఒక్కసారికి ఒక్కటే ఉండాలి. కొత్త తిండి చేసినప్పుడు ఇంట్లో ఉన్న పచ్చళ్లన్నీ తెచ్చి పక్కన పెట్టడం మనకు అలవాటు. ఆ ప్రేమ మంచిదే. కానీ మొదటి ముద్దకే ఆవకాయ తగిలితే ఆవకాయ తిన్నట్టే ఉంటుంది, క్రంపెట్ ఏమిటో నాలుకకు తెలియదు.

వీగన్ అంటే మన శాకాహారం కన్నా ఒక మెట్టు పైన. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి ఉండవు, తేనె కూడా ఉండదు. ఈ పేరుతో మొదటి సంఘం 1944లో ఇంగ్లండ్‌లోనే పుట్టింది. సెలవులకు వచ్చిన మనవరాలు ‘అవ్వా, నేను నెయ్యి కూడా తినడం లేదు’ అంటే కంగారు పడకండి. మన వంటింట్లో నూనెతో, పప్పుతో, బెల్లంతో చేసేవి సగానికి సగం వీగనే. క్రంపెట్ పిండిలో కొందరు పాలు పోస్తారు గానీ నీళ్లతో చేసినా ఏ లోటూ ఉండదు. ఈస్ట్ కూడా బూజు జాతికి చెందినదే, జంతువుల నుంచి వచ్చేది కాదు.

అంగట్లో కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే వీగన్ అని అర్థం కాదు. పాలపొడి ఉన్నా, తేనె ఉన్నా ఆ చుక్క వేస్తారు. వీగన్ ఆహారాలకు మన దేశంలో 2022లో విడిగా నిబంధనలు వచ్చాయి. వాటికి వేరే గుర్తు ఉంది: ఇంగ్లిష్ ‘వి’ అక్షరం, దానికి ఒక చిన్న ఆకు. ఆ గుర్తు లేకపోతే వెనక రాసిన దినుసులు చదవండి. రొట్టెకు రాసుకునే మార్జరిన్‌లలో కొన్నిటిలో పాల పదార్థాలు ఉంటాయి, చెనక్కాయ వెన్నలో కొన్ని కంపెనీలు తేనె కలుపుతాయి.

కావలసినవి

మైదా 300 గ్రాములు, నీళ్లు 400 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీ చెంచా, పంచదార ఒక టీ చెంచా, ఉప్పు ఒక టీ చెంచా, వంట సోడా అర టీ చెంచా. పెనానికి రాయడానికి కాస్త నూనె. ఈ కొలతకు తొమ్మిదో పదో వస్తాయి.

నీళ్లు తాగేవే వాడండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇంత చప్పటి రొట్టెలో ఆ ఉప్పదనం వెంటనే పట్టిస్తుంది. మైదా వద్దనుకునేవాళ్లు సగం గోధుమపిండి కలుపుకోవచ్చు. అప్పుడు రెండు మూడు చెంచాల నీళ్లు ఎక్కువ పడతాయి, చిల్లులు కొంచెం తగ్గుతాయి. మొత్తం గోధుమపిండితో మొదటిసారి చేయొద్దు. అందులోని తవుడు పిండి సాగకుండా అడ్డుపడుతుంది. రాగిపిండి దీనికి అసలు పనికిరాదు, బుడగను పట్టి ఉంచే జిగురు అందులో లేదు.

ఇక రింగులు. 8, 9 సెంటీమీటర్ల వెడల్పు, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్టీలు రింగులు కావాలి. ఆమ్లెట్టు వేసే గుండ్రటి రింగులైనా, బిస్కెట్లు కోసే గుండ్రటి అచ్చులైనా సరిపోతాయి. స్టీలు సామాన్ల అంగట్లో అడిగి చూడండి. దొరక్కపోతే అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగైదు మడతలు వేసి పట్టీలా చేసి, గుండ్రంగా చుట్టి పిన్ను కొట్టండి. పిన్ను బయటి వైపు ఉండాలి, పని అయ్యాక ఊడి పిండిలో పడలేదని చూసుకోవాలి. అదీ కుదరకపోతే రింగు లేకుండానే పెనం మీద చిన్నగా పోయండి. పల్చగా, వంకరటింకరగా వస్తుంది. ఇంగ్లండ్‌లోనే కొన్ని ప్రాంతాల్లో అలా చేసి పైక్‌లెట్ అంటారు. రుచి ఒకటే.

పిండి కలపడం

ముందు ఈస్ట్ బతికి ఉందో లేదో చూసుకోండి. కొలిచిన నీళ్లలోంచి అర గ్లాసు తీసి గోరువెచ్చగా చేసి, పంచదార, ఈస్ట్ వేసి పది నిమిషాలు వదిలేయండి. పైన నురగ తేలితే సరే. ఏమీ కదలకపోతే ఆ ఈస్ట్ పారేసి కొత్తది తెచ్చుకోండి. పాత ప్యాకెట్‌తో పట్టుబట్టి చేస్తే మైదా కూడా దండగ. వేలు పెడితే హాయిగా ఉండే వేడి చాలు. వేలు చురుక్కుమంటే ఆ నీళ్లు ఈస్ట్‌ను చంపేస్తాయి. రోహిణి కార్తెలో మిద్దె మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లు అలాగే కాలుతుంటాయి, ఆ రోజుల్లో మామూలు కుండనీళ్లే వాడండి.

వెడల్పు గిన్నెలో మైదా, ఉప్పు కలిపి, ఈస్ట్ నీళ్లు, మిగతా నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. తర్వాత ఒక గట్టి చెక్క గరిటెతో మూడు నాలుగు నిమిషాలు ఆపకుండా గిలక్కొట్టండి. చెయ్యి నొప్పి పుడుతుంది, అయినా ఆపొద్దు. దోసెపిండిని ఇలా కొట్టం కాబట్టి ఇది అనవసరం అనిపిస్తుంది. మైదాలో సాగే గుణం బయటికి వచ్చేది ఈ దెబ్బలతోనే. ఆ సాగుడే బుడగ పగిలిపోకుండా పైదాకా మోసుకొస్తుంది. గరిటె ఎత్తితే పిండి తీగలా సాగి పడాలి.

మూత పెట్టి పక్కన ఉంచండి. మే నెలలో అయితే ముప్పావు గంట లోపలే పొంగి, పైనంతా నురగ కడుతుంది. సంక్రాంతి రోజుల్లో గంట, గంటన్నర పట్టొచ్చు. గడియారం చూడకండి, పిండిని చూడండి. పొంగి, నడుమ కాస్త కుంగడం మొదలయ్యే వేళకు అది సిద్ధం. దోసెపిండిలా రాత్రంతా బయట వదిలేస్తే మన ఎండలకు పులిసి కంపు కొడుతుంది.

అప్పుడు వంట సోడాను రెండు చెంచాల నీళ్లలో కరిగించి పిండిలో పోసి, ఒక్కసారి బాగా కలిపి పది నిమిషాలు ఆగండి. ఈస్ట్ ఉండగా సోడా ఎందుకంటారా? ఈస్ట్ గాలి నెమ్మదిగా వస్తుంది, సోడా గాలి పెనం వేడి తగలగానే ఒక్కసారిగా లేస్తుంది. ఆ ఉరుకే చిల్లులు చేస్తుంది. ఇంగ్లండ్‌లో క్రంపెట్ వంటకం 1769 నాటికే అచ్చయింది. మొదట్లో అది గట్టిగా ఉండే పలచటి అట్టులాంటిది. ఈస్ట్‌కు తోడు బేకింగ్ పౌడర్‌లాంటివి చేరాకే ఇంత మెత్తన, ఇన్ని చిల్లులు వచ్చాయి. ఆ బేకింగ్ పౌడర్ వెనకా ఒక ఇల్లాలు ఉంది. బర్మింగ్‌హామ్‌లో మందుల అంగడి నడిపిన ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకు కోడిగుడ్డు పడదు, ఈస్టూ పడదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఇంట్లో ఒకరికి పడని దాన్ని తప్పించి అందరికీ పనికొచ్చేది చేయడం నాకెంతో నచ్చే సంగతి. మనం ఈ రోజు చేస్తున్నదీ అలాంటి పనే.

సోడా అర చెంచా దాటొద్దు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పసుపు రంగు తేలుతుంది.

పెనం మీద

అసలు మెళకువంతా ఇక్కడుంది.

పెనం మధ్యస్థంగా వేడెక్కనివ్వండి. నీటి చుక్క వేస్తే చిమ్మకుండా కాసేపు చిటపటలాడి ఆవిరైతే చాలు. పెనానికీ, రింగుల లోపలి వైపుకూ నూనె రాయండి. రింగుకు సరిగా రాయకపోతే క్రంపెట్ ఊడి రాదు, కాబట్టి అక్కడ లోభం చూపొద్దు. మొదట ఒక్క రింగు మాత్రమే పెట్టి, పిండి వేలు మందం కన్నా తక్కువగా, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు పోయండి. ఇది పరీక్ష కోసం.

ఒకటి రెండు నిమిషాల్లో పైన బుడగలు రావాలి. రాగానే మంట బాగా తగ్గించి, మూత పెట్టకుండా ఆరేడు నిమిషాలు వదిలేయండి. మంట మొదట కాస్త ఎక్కువ, తర్వాత సన్నం. ఈ వరస తిరగబడితే చెడుతుంది. మొదట్లోనే సన్నగా పెడితే బుడగలకు పైకి వచ్చే ఊపు ఉండదు. చివరిదాకా పెద్దమంట పెడితే పైన పచ్చిగా ఉండగానే అడుగు మాడుతుంది. పిండి అడుగు నుంచి గట్టిపడుతూ వస్తుంది, బుడగ పైకి పోతూ తన వెనక సన్నటి దారి వదులుతుంది. ఆ దారి మూసుకుపోకముందే చుట్టూ పిండి ఉడికిపోవాలి. మనం మంటతో చేసేదంతా దానికోసమే.

ఇప్పుడు పరీక్ష ముక్క చూడండి. బుడగలు లోపలే ఉండిపోయి పైన చర్మంలా మూసుకుంటే పిండి చిక్కగా ఉన్నట్టు. రెండేసి చెంచాల నీళ్లు కలుపుతూ సరిచేయండి. రింగు కింద నుంచి పిండి కారిపోతే పలచనైనట్టు. కొంచెం మైదా చల్లి కొట్టి పది నిమిషాలు ఆగండి. పైభాగం తడి మెరుపు పోయి పొడిబారాక, బుడగలు పగిలి చిల్లులు తెరుచుకునే ఉండిపోయాక రింగు తీయాలి. అక్కడక్కడ పగలని బుడగ ఉంటే పుల్లతో పొడవండి. పట్టుకారుతో రింగు ఎత్తి, అంచు అంటుకుంటే చాకు మొనతో చుట్టూ తిప్పండి. తిరగేసి అర నిమిషం ఉంచితే చాలు, చిల్లుల వైపు లేత రంగే ఉండాలి.

పక్కన నిలబడ్డ అత్తగారు ‘ఇదేందమ్మా, ఊతప్పం ఇంత మందంగా పోశావ్’ అంటారు. చూపుకు ఊతప్పమే గానీ కొరికితే తేడా తెలుస్తుంది. ఊతప్పం తుంచితే తెగుతుంది, ఇది సాగుతుంది. అందులో పులుపు ఉంది, ఇందులో లేదు. ఊతప్పాన్ని పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వేస్తాం. క్రంపెట్‌ను అలా తినకూడదు.

చల్లార్చి మళ్లీ కాల్చండి

మొదటిసారి తినేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెనం మీద నుంచి దించగానే కొరికితే లోపల తడిగా, జిగురుగా ఉంటుంది. ‘ఉడకలేదు’ అని పక్కన పెట్టేస్తారు. అది ఉడకకపోవడం కాదు. క్రంపెట్ రెండుసార్లు కాలాల్సిన రొట్టె. జల్లెడ మీదో, గాలి ఆడే ఏదైనా తట్ట మీదో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత తినే ముందు టోస్టర్‌లో గానీ, నూనె లేని పెనం మీద సన్నటి మంటకు రెండు వైపులా గానీ, అడుగు కరకరలాడేదాకా కాల్చండి. అప్పుడు అడుగు, అంచు కరకరమంటాయి, నడుమ మెత్తగా సాగుతుంది. ఆ రెండూ ఒకే ముక్కలో తగలాలి.

బన్నులా అడ్డంగా రెండు చేయొద్దు. చిల్లుల వైపు పైకి ఉంచి, దాని మీదే వేసుకుని, చేత్తో పట్టుకుని తినండి.

ఒక్కో ముక్క, ఒక్కో రుచి

మొదటి ముక్క ఉత్తదే తినండి. నాలుగు ముద్దలు చాలు, రొట్టె ఏమిటో తెలుస్తుంది. రెండోదానికి ఇంట్లో ఉన్న మంచి గానుగ నూనె, చెనక్కాయ నూనె గానీ నువ్వుల నూనె గానీ, ఒక చెంచా చిల్లుల మీద నెమ్మదిగా పోసి రెండు రాళ్ల ఉప్పు చల్లండి. నూనె ఒక్కొక్క చిల్లులో దిగడం కంటికి కనిపిస్తుంది. వెన్న చేసే పని ఇదే, ఇంకాస్త వాసనతో. నా మటుకు నాకు వీటన్నిటిలోకీ నువ్వుల నూనె, ఉప్పే ఎక్కువ ఇష్టం.

మూడోదానికి మన ఎర్రకారం. నెల్లూరు కారం దోసె తిన్నవాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. ఎనిమిది పది ఎండుమిరపకాయలు వేడినీళ్లలో నానబెట్టి, ఒక చిన్న ఉల్లిగడ్డ, అయిదారు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, రవ్వంత చింతపండు వేసి మెత్తగా నూరండి. నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించండి. దోసెకు రాసినట్టు ముద్దగా రాస్తే ఇక్కడ చిల్లులు పూడిపోతాయి. ఒక చెంచా కారానికి రెండు చెంచాల నూనె కలిపి జారుగా చేసుకుని, పల్చగా పోయండి. పైన చిటికెడు పప్పుల పొడి. దీన్ని మించింది వేయాలని చూడకండి. ఉల్లిపాయ తరుగు, కొత్తిమీర, బంగాళదుంప కూర అన్నీ వేస్తే అది మసాలా దోసెకు చెందిన వ్యవహారం అవుతుంది.

తీపికి బెల్లం పాకం. ఇంగ్లండ్‌లో దీని మీద తేనె గానీ, చక్కెర తయారీలో వచ్చే గోల్డెన్ సిరప్ గానీ పోసుకుంటారు. తేనె వీగన్ కాదు, సిరప్ మన ఊళ్లో వెతకడం దండగ. వంద గ్రాముల బెల్లానికి పావు గ్లాసు నీళ్లు పోసి కరిగించి, ఇసుక, మడ్డి పోయేలా వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. వేళ్ల మధ్య జిగురు తగలగానే దించేయాలి. తీగపాకం వచ్చిందంటే చల్లారాక గట్టిపడి చిల్లుల పైనే ఆగిపోతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే గడ్డకట్టదు. తాటిబెల్లం దొరికితే అదే వాడండి, దాని పొగ వాసన ఈ చప్పటి రొట్టెకు బాగా కలుస్తుంది. వేయించిన నువ్వులను రెండు మూడు చెంచాల నూనెతో మెత్తగా నూరి ముందు పల్చగా రాసి, దాని మీద పాకం పోస్తే పిల్లలు వదలరు.

నిమ్మకాయలకు మన నెల్లూరు జిల్లాలో కొదవ లేదు, పొదలకూరులో నిమ్మకాయలకు పెద్ద మార్కెట్టే ఉంది. వేడి క్రంపెట్ మీద చెంచా పంచదార చల్లి అర చెక్క నిమ్మరసం పిండడం అన్నిటికన్నా సులువు. పంచదార సగం కరిగి సగం పంటి కింద పడాలి. ఎండాకాలంలో ఉలవపాడు మామిడిపండు గుజ్జుగా చిదిమి, ఉప్పు పలుకు వేసి, పిండిన నిమ్మచుక్కతో పోసుకోండి. ముక్కలుగా కోస్తే జారి కింద పడతాయి, గుజ్జే మేలు.

అవకాడో అని చాలామంది చెబుతారు. మన వైపు అది ఖరీదు, సరిగ్గా పండింది దొరకడం కష్టం. పైగా ముద్దగా ఉంటుంది, చిల్లుల్లోకి దిగదు. ఆ డబ్బుతో మంచి గానుగ నూనె కొనుక్కోండి.

మిగిలితే

కాల్చిన క్రంపెట్లు మన వేడికి బయట ఒక్క రోజుకు మించి ఉంచొద్దు, తేమ ఎక్కువ కాబట్టి బూజు తొందరగా పడుతుంది. పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటాయి. ఇంకా ఎక్కువ రోజులకు ఒక్కొక్కటి మధ్యలో కాగితం వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. తీసినప్పుడు గడ్డ కరగాలని ఎదురుచూడక్కర్లేదు, నేరుగా సన్నటి మంట మీద పెనంలో పెట్టి రెండు వైపులా నిదానంగా కాల్చుకోవచ్చు. సోడా కలిపిన పిండి మాత్రం మిగల్చకండి. గంట దాటితే ఉరుకు పోతుంది, తెల్లారి పోస్తే చిల్లులు రావు. పోయడానికి తీరిక లేకపోతే సోడా వేయకముందే పిండిలో సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మర్నాడు బయటపెట్టి చల్లదనం పోయాక, పావు చెంచా సోడా చెంచా నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుంది.